ఆరుగంటల పిట్టకు జవాబు

ఫిబ్రవరి 9, ఆదివారం

తేంగాయితిట్టు, చేపల రేవు. అన్న పోయాక మొదటిసారి పిట్టల గుంపుతో వెళ్ళాను. వెళ్ళకూడదనే పడుకున్నాను... తెల్లవారేసరికి కాళ్ళు చెప్పుల్లో ఉన్నాయి. అన్న బైనాక్యులర్ మెడలో. పట్టీ అతని పొడవుకు సరిచేసింది, నాకు పొట్ట మీదికి వేలాడుతోంది. కురచ చేయలేదు. చేయబుద్ధి కాలేదు.

మడచెట్ల మీద లకుముకి. బురదలో ఉల్లంకి పిట్టలు, ఇంకా పోలేదు. ఇటు చేపల వేలం అరుపులు, ఐసు వ్యాన్లు, వాసన. వీటన్నిటి మధ్య అరుళ్ సార్ గుసగుసగా పాఠం చెప్పడం. కాలేజీ నుంచి రిటైరయ్యారు గాని క్లాసు నుంచి కాలేదు. "మాసి నెల వచ్చేస్తోంది, వలస పిట్టలు వెళ్ళే కాలం. ఇక చూసింది చూసినట్టు రోజూ గ్రూపులో పెట్టండి. ఏది ఉంది, ఏది పోయింది..."

టీ కొట్టు దగ్గర ఎవరు చూసింది వాళ్ళు చెప్పుకోవాలి. ఎప్పుడూ మొదట అన్న చెప్పేవాడు. ఇవాళ ఎవరూ నోరు విప్పరు. టీలు చల్లారుతున్నాయి. చివరికి కవిత, ఆ నర్సు పిల్ల - "మా ఆస్పత్రి కాంపౌండులో కోయిల కూసింది" అంది.

ఏడుపు వచ్చింది. కోయిలకు కాదు.

ఫిబ్రవరి 11

ఆఫీసు. కాకులు తప్ప ఏమీ చూడలేదు. గ్రూపులో ఏమీ పెట్టలేదు.

ఫిబ్రవరి 14

బస్సులో ఉన్నాను. ఫోన్ మోగితే చూశాను - గ్రూపులో ఎన్. రంగనాథం. అన్న పేరు. గుండ్రంలో అన్న ఫోటో, నవ్వుతూ, టోపీతో. సీట్లోంచి లేచి నిలబడ్డాను. పక్కామె "ఏమ్మా?" అంది.

వాయిస్ మెసేజ్. నొక్కితే రుక్మిణి వదిన గొంతు. సగం తమిళం, సగం మా ఇంటి తెలుగు. "అందరికీ నమస్కారమండీ. రంగనాథంగారి ఇంటిదాన్ని. ఆరుగంటల పిట్ట ఇంకా మా పెరట్లోనే ఉండాది. సాయంత్రం పలికింది. ఆయన ఉంటే మీకు చెప్పుంటారు కదా... అందుకని చెప్తా ఉండా. అంతే."

చనిపోయినవాడి నంబరు నుంచి పిట్ట కబురు. గ్రూపంతా దండాలు, పూలు, హృదయాలు.

వదిన! పిట్టలంటే మండిపడే వదిన. "వాటిని చూస్తే కడుపు నిండుతుందా ఏంది" అని అన్నను ఆటపట్టించే వదిన.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ అందరికీ అన్న పెరటి పిట్టే మాట. తమిళంలో ఆరుమణి కురువి. మేం చిన్నప్పుడే దాన్ని ఆరుగంటల పిట్ట చేసుకున్నాం, నేనూ అన్నా. తెల్లారి ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఒక ఈల. పైకి లేచి కిందికి జారే ఈల, రెండే స్వరాలు. ఐప్పసి వానలతో, అక్టోబరులో, ఎక్కడో ఉత్తరాన్నుంచి వస్తుంది. పంగునిలో, మార్చి సగం దాటాక, పోతుంది. పచ్చటి వీపు, రెక్క మీద నీలం, కంటికి నల్లటి గీత, తోక కింద ఎరుపు - ఇన్ని రంగులు పెట్టుకుని రాలిన ఆకుల్లో తిరిగి తిరిగి పురుగులు ఏరుకుంటుంది. మనిషి కంటపడదు. వినపడుతుంది.

దాని కోసమే కోసపాళయంలో తన ఇంటి పెరట్లో ఆకులు ఊడవనిచ్చేవాడు కాదు అన్న. వానాకాలం మొదలు పంగుని దాకా చీపురు పట్టకూడదు. పెళ్ళయినప్పటి నుంచీ వదినకు అతనితో అదే పోట్లాట. ఎదురింటివాళ్ళు వదినను బద్ధకస్తురాలు అనుకున్నారు, ఆమె పడింది.

ఇప్పుడు అడ్డు చెప్పేవాడు లేడు. అయినా వదిన ఊడవలేదు. బాదం ఆకులు చీలమండల దాకా ఉన్నాయట.

ఫిబ్రవరి 20

వదిన ఈసారి పిట్ట ఈలే పంపింది! ఆమె ఫోన్ వేరు, అన్న ఫోన్ వేరు, రెండూ ఉన్నాయి ఆమె దగ్గర. అన్న ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపులో పెట్టింది. ఎంత దగ్గరగా... ఒక ఈల, కాస్త ఆగి ఇంకో ఈల. రెండోది దగ్గర్లోనే, చెవిలో ఊదినట్టు. ఎవరికీ ఇంత దగ్గరగా దొరకలేదు. అరుళ్ సార్ కూడా "అద్భుతం అమ్మా" అని రాశారు.

నాకు ఈర్ష్యగా ఉంది. రాసేస్తాను, ఈ తెలుగు అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు, తాత మా ఇద్దరికే నేర్పాడు. అన్నా నేనూ పంచుకున్నది ఒక్క పిట్టలే. అవీ ఆమెవైపోయాయి. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఆ సగం కూడా నాకు మిగల్లేదు.

ఫిబ్రవరి 22

ఇంకో రికార్డింగ్. ఈల, ఈల. గ్రూపులో చప్పట్లు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఊసుటేరి చెరువులో బాతులు పలచబడ్డాయి. కవిత, "చివరి బాతుల్ని చూశాం అని పెట్టనా సార్?" అంది. అరుళ్ సార్ ఏటా చెప్పేదే చెప్పారు - "చివరిది అని ఎవరూ పెట్టకూడదు. చూసిన రోజు అది చివరిసారి అని మనకు తెలియదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి, అది కనబడకపోతే, అప్పుడు వెనక్కి చూసి రాసుకోవాలి."

ఏటా విన్నదే. ఇవాళ టీ గ్లాసు కింద పెట్టేశాను.

ఆస్పత్రిలో, మంచం మీద కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. "రేపొస్తా అన్నా" అన్నాను. తల తిప్పకుండానే చెయ్యి ఊపాడు. బయట ఏదో పిట్ట. అదేదో కూడా అడగలేదు నేను.

ఫిబ్రవరి 26

అరుళ్ సార్ ఫోన్. "సుశీలమ్మా, ఒక మాట. ఎలా చెప్పాలో..." రికార్డింగులన్నీ పక్కపక్కన పెట్టి విన్నారట. మొదటి ఈల అన్నిట్లో ఒకటే. అచ్చం ఒకటే. రెండో ఈలే రోజుకో రకంగా ఉంది. అంటే వదిన ఏదో సౌండు పెట్టి పిట్టను పిలుస్తోంది.

గుంపు కట్టుబాటు - సౌండు పెట్టి పిట్టను పిలవకూడదు. తన చోటికి ఇంకో పిట్ట వచ్చిందనుకుని తిండి మానేసి దెబ్బలాటకు బయటికి వస్తుంది. పైగా ఇది ప్రయాణం ముందు కడుపునిండా తినాల్సిన కాలం. ఈ కట్టుబాటు తెచ్చింది ఎవరు? అన్నే. ఒకసారి ఎవరో కుర్రాళ్ళు స్పీకర్ తెస్తే వాళ్ళను తిట్టి పంపాడు.

"మీరే చెప్పాలమ్మా. నేను చెప్తే బాగుండదు."

ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విన్నాను. మొదటి ఈల. దాని వెనకాలే, సన్నగా, ఒక దగ్గు.

పిట్టలు దగ్గవు.

అది అన్న. ఈల వేస్తే ఊపిరి అందక దగ్గేవాడు, ఆ ఆఖరి నెలల్లో.

ఫిబ్రవరి 28

ఎన్నిసార్లు విన్నానో. ఈల కాదు. దగ్గు.

మావారు - "ఏంది అది? కుక్కర్ విజిలా?"

"పిట్ట."

మార్చి 2, ఆదివారం

గుంపుకు వెళ్ళలేదు. సాయంత్రం కోసపాళయం వెళ్ళాను. చెప్పేయాలనే.

వదిన వెనక గుమ్మంలో కూర్చుని ఉంది. "వచ్చినావా? కూర్చో. మాట్లాడబాక, టైమవుతా ఉంది." బట్టలుతికే రాయి మీద ఆమె ఫోన్. పెరడంతా బాదం ఆకులు, ఎర్రగా. అరటి మొక్కల వెనక నీడ. అన్న ఫోన్ ఆమె ఒళ్ళో.

రాయి మీద ఫోన్ నొక్కి వచ్చి కూర్చుంది. ఈల. దగ్గు. ఆ తర్వాత... గ్రూపులో పెట్టినవాటిలో ఇది ఉండదు, అవి తీసేటప్పుడు దగ్గు కాగానే ఈ ఫోన్ ఆపేస్తుంది... అన్న గొంతు.

"రుక్కూ... వచ్చిందా?"

నీరసంగా, చిన్నపిల్లాడి ఆశతో. వదిన నెమ్మదిగా, ఫోన్ వైపు చూస్తూ - "వస్తాదిలే, ఉండు."

అరటి వెనక నుంచి ఈల. ఆకులు కదిలాయి. గెంతుతూ బయటికి వచ్చింది, రంగులన్నీ ఆ మసక వెలుగులో. రాయి దగ్గర దాకా వచ్చి మెడ చాచి ఎవరి కోసమో చూసింది. మళ్ళీ ఈల.

"వచ్చింది" అంది వదిన. నాతో కాదు.

తర్వాత చెప్పింది. ఆ ఈల అన్న ఆస్పత్రి నుంచి పంపాడట. ఆమె బట్టలకని ఇంటికి వచ్చిన సాయంత్రం. ఆరయింది, పిట్ట వచ్చిందో లేదో చూడు, రాకపోతే ఈ ఈల పెట్టు అని. "పెట్టినా. పలికింది. చెప్దామని తిరిగి పోయేసరికి..." చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "జవాబు చెప్పనే లేదు సుశీలా ఆయనకి."

కట్టుబాటు తెచ్చినవాడే తన పెళ్ళానికి సౌండు పెట్టమని పంపాడు. ఆస్పత్రి మంచం మీద ఇంకేం గుర్తుంటుంది?

గోడ మీద పక్కింటి పిల్లి. కళ్ళు రాయి మీదే.

ఉప్మా తిని వచ్చాను. చెప్పలేదు.

మార్చి 3

చెప్పలేదు చెప్పలేదు చెప్పలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మార్చి 5

అరుళ్ సార్ గ్రూపులో రాశారు. పేరు లేకుండా, మర్యాదగా - దయచేసి సౌండు పెట్టి పిట్టల్ని పిలవొద్దు, ఇది వాటి ప్రయాణ కాలం. అందరికీ అర్థమైంది. చదవడం రానిది వదిన ఒక్కతే.

సాయంత్రం ఆమె రికార్డింగ్ వచ్చింది. ఎవరూ ఏమీ పెట్టలేదు. పువ్వు లేదు, దండం లేదు. కవిత ఏదో పెట్టి తీసేసింది.

కాసేపటికి వదిన గొంతు - "ఎవురూ ఏం చెప్పలేదే... బాగా వినబడలేదా? రేపు ఇంకా దగ్గిర పెట్టి తీస్తాలెండి."

స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 7

చెప్పాను.

మొదట అర్థం కాలేదు ఆమెకు. అర్థమయ్యాక లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు దబదబా వేసింది. అత్త మీద కోపం దుత్త మీద. తర్వాత నా మీదే.

"ఇన్నేండ్లు పిట్టలు పిట్టలని పెరడు ఊడ్వనీలేదు మీ అన్న. పండక్కి కూడా. నోరు మూసుకోని ఉండా. ఇప్పుడు నా ఇంట్లో నా మొగుడి గొంతు వినేదానికి ఆ సారు పర్మిషన్ కావాల్నా?"

"గొంతు విను వదినా. లోపల తలుపులేసుకోని విను, ఎవరొద్దన్నారు? పెరట్లో వద్దు. అది తిండి మానేసి వస్తా ఉంది. పంగునిలో పోవాల. చానా దూరం."

"పోకుంటే ఏం? ఉండనీ. నాకేమన్నా బరువా?"

"అది ఉండేది కాదు వదినా..."

"లోపల పెట్టుకుంటే ఎవురు పలుకుతారు?" అంది. గొంతు తగ్గిపోయింది. "రోజూ అడగతాడు. వచ్చిందా అని. రాలేదు అని చెప్పాల్నా నేను? నువ్వు చెప్తావా, మీ అన్నకి?"

చెప్పులేసుకున్నాను. కాఫీ కూడా ఇవ్వలేదు. ఆమె ఇంట్లో నాకు కాఫీ ఇవ్వకపోవడం ఇదే మొదటిసారి. సైకిల్ రిపేరు కొట్టు దాకా వచ్చి వెనక్కి చూశాను. ఆరయింది కాబోలు. గోడల మీద నుంచి సన్నగా ఈల. ఎవరిదో తెలియలేదు, ఇద్దరిలో.

మార్చి 9, ఆదివారం

వెళ్ళలేదు. ఎక్కడికీ.

మార్చి 12, మాసిమగం

ఊళ్ళోని దేవుళ్ళందరూ వైత్తికుప్పంలో సముద్ర స్నానానికి. మేళాలు, మైకులు. మాకు ఏడాది తిరగలేదు, గుమ్మం దగ్గర నిలబడి చూడటమే.

పొద్దు వాలాక వదిన ఫోన్. ముందు ఏమీ అర్థం కాలేదు. వెనక మైకులు, ఇటు ఏడుపు. "పిల్లి... పిల్లి దూకింది సుశీలా... మైకుల్లో వినబడదని రాయి చివరకి పెట్టినా... అది బయటికి వచ్చింది... నేను చూస్తానే ఉండా..."

"పట్టిందా?"

"లేదు... ఈకలు రాలినాయి. అరటి వెనక్కి పోయింది, ఒక పక్కకి వాలిపోయి... నేనే పిలిచినా దాన్ని. నేనే గదా పిలిచినా."

నిన్నటి దాకా ఆమె మీద కోపం ఉంది నాకు. ఎక్కడికి పోయిందో.

మార్చి 13

ఆఫీసుకు సెలవు పెట్టి చీకటితోనే వెళ్ళాను. తెల్లవారి పిట్ట పలకలేదు. కాకులు, పాలబండి, ఎదురింటి రేడియో. వదిన పొయ్యి వెలిగించలేదు. రాయి పక్కన రెండు ఆకుపచ్చ ఈకలు, ఒక నీలిది. వాటిని తీయనివ్వదు, తను తీయదు. పిల్లి రాకుండా గోడ మీద ముళ్ళకంప పెట్టాం, మధ్యాహ్నమంతా. కంప కడుతూ ఒకసారి, "నువ్వు చెప్పినప్పుడే ఆపుంటే..." అంది. "ఊరుకో వదినా" అన్నాను. చేతులు గీసుకుపోయాయి ఇద్దరికీ.

సాయంత్రం ఆమె ఫోన్ ఆమె గుప్పిట్లోనే. పెరట్లో పెట్టలేదు.

అరటి వెనక నుంచి - ఈల. బలహీనంగా. బతికి ఉంది!

వదిన నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

మళ్ళీ ఈల. ఆగింది. మళ్ళీ. ఇన్నాళ్ళూ జవాబు చెప్పినవాడు ఏడీ అని. వదిన బొటనవేలు ఫోన్ మీద... నొక్కలేదు. చెంగు నోట్లో కుక్కుకుంది. నొక్కు వదినా, ఈ ఒక్కసారికి అనేద్దామా అనిపించింది. అనలేదు.

చీకటి పడే దాకా పిలిచింది. తర్వాత మానేసింది.

మార్చి 16, ఆదివారం

గుంపులో. మామిడి పూతలో వంగపండు పిట్టలు. బాతులు పోయాయి. కవిత గట్టిగానే నవ్వుతోంది, ఏదో కొత్త పిట్ట చూసిందట. నవ్వనీ.

అరుళ్ సార్ నా పక్కకు వచ్చి నడిచారు. వదిన మానేసిందని చెప్పాను. పిల్లి సంగతీ.

"మీ అన్న ఈల బాగా వేసేవాడు" అన్నారు.

ఆగిపోయాను.

"దగ్గు నాకూ వినబడిందమ్మా. అందుకే మిమ్మల్ని చెప్పమన్నాను. నాకు ధైర్యం లేక."

మార్చి 19

గ్రూపులో వదిన గొంతు. "పొద్దున పలికింది. నేను పిలవలేదు. దానికదే పలికింది." గ్రూపంతా పూలు. అరుళ్ సార్ ఒక దండం. చాలా రోజులకు ఆమె గొంతులో కాస్త గర్వం విన్నాను.

మార్చి 20

పలికిందట. రెండుసార్లు.

మార్చి 21

కబురు లేదు.

మార్చి 22

లేదు.

మార్చి 24

ఫోన్ చేశాను. "ఇంకా లేదు" అంది. ఇంకా - ఆ మాట పట్టుకుని ఉంది.

మార్చి 27

కోసపాళయం. వదిన చీపురు పట్టుకుని పెరట్లో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో. ఆకులు ఎక్కడివక్కడే.

"ఊడ్చేదా?" అంది.

చీపురు కోసం అన్నతో పోట్లాడిన మనిషి. నన్ను అడుగుతోంది.

"ఇంకొన్ని రోజులు చూద్దాం వదినా."

"పోయిందంటావా? లేకుంటే ఆ పిల్లి..."

"పోయుంటాది. పంగుని కదా."

"నీకు తెలుసా?"

"తెలీదు."

చీపురు గోడకు ఆనించింది. కాఫీ ఇచ్చింది. నేను లేస్తుంటే తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది, ఛార్జర్‌తో సహా. "నీ దగ్గిర పెట్టుకో. నా దగ్గిరుంటే ఏదో ఒక దినం నొక్కేస్తా. నాకు ఆయన ఫోన్ చాలు, దాంట్లో ఉన్న ఈల తుడిపేసినా."

"వదినా, వద్దు..."

"వద్దనబాక. రోజూ అడగతా ఉంటాడు. నేనేం చెప్పేది?"

మార్చి 30, ఉగాది

పండగ లేదు మాకు ఈ ఏడు. కింద వేపచెట్టు మాత్రం పూసింది. పచ్చడి చేయలేదు. మావారు కొట్టుకు వెళ్ళారు, అన్న పాత్రల కొట్టు ఇప్పుడు ఆయనే చూస్తున్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే.

పొద్దున అరుళ్ సార్ మెసేజ్. కోసపాళయం పిట్ట మళ్ళీ కనబడకపోతే, చివరిసారి ఎప్పుడు పలికిందో వెనక్కి చూసి రాయండి అమ్మా, తొందర లేదు. మార్చి 20 అని కొట్టాను. చెరిపేశాను. మళ్ళీ కొట్టాను. ఆ ఇరవయ్యో తేదీన నేను వినలేదు కూడా. ఆఫీసులో ఉన్నాను. చెరిపేశాను.

వదిన ఫోన్ బల్ల మీద. తెచ్చినప్పటి నుంచి తాకలేదు. ఇందాక ఛార్జింగ్ పెట్టాను. చచ్చిపోతుందేమోనని, అంతే.

ఎండ గోడెక్కింది. ఆరు కావస్తోంది. లోపల తలుపులేసుకోని విను, ఎవరొద్దన్నారు... నేనే గదా అన్నాను. ఇక్కడ పెరడు లేదు, పిట్ట లేదు, ఎవరికీ ఏ హానీ లేదు. ఒక్కసారి వింటే తప్పేముంది?

ఫోన్ తీసుకున్నాను. కిటికీ మూద్దామని లేచాను. లోపల పెట్టుకుంటే ఎవురు పలుకుతారు, అంది వదిన.

మూయలేకపోతున్నాను.